నిప్పు నోట్లో పెట్టుకుని విన్న మనిషి

మా మేనత్త పోయిందని శ్రీకూర్మం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. ఫోన్ పెట్టేసి, మిగిలిన పాఠం కూడా చెప్పేశాను. అంతటి నోరు నాది. సిగ్గుగా ఉన్నా ఆ నోటి గురించే రాయాలి.

అత్తది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని పెదాలు మూసేది. మా వైపు ఆడవాళ్లకి అదేమీ వింత కాదు.

మూడేళ్ల క్రితం మా ఆయనకి కడుపులో కేన్సరని తేలింది. చుట్టాలు బత్తాయిలు పట్టుకొచ్చి, "ధైర్యంగా ఉండాల బాబూ" అనేసి బస్సు అందుకునేవారు. నేను సరేసరి, ఏం తినాలో ఎలా ఆలోచించాలో పొద్దస్తమానం ఆయనకి క్లాసు. అత్త మాత్రం వారానికోసారి శ్రీకాకుళం వచ్చి, మా పెరటి గట్టు మీద ఆయనకి కాస్త ఎడంగా కూర్చుని చుట్ట వెలిగించేది. చావంటే భయంగా ఉందని ఆయన ఆవిడకే చెప్పుకున్నారు. నాకు ఒక్క ముక్కా చెప్పలేదు. ఓసారి ఉక్రోషం పట్టలేక అడిగేశాను.

"ఏటి సెప్తావు అత్తా ఆయనకి?"

"నానేటి సెప్తాను? నోట్లో నిప్పెట్టుకుని మాటాడితే నాలిక కాల్తాది. ఇంటాను, అంతే."

మా ఆయన కోలుకున్నారు. నిరుడు అత్త అంగిట్లో పుండు లేచింది. ఎవరికీ చెప్పకుండా ముందు నా దగ్గరికే వచ్చి, కిటికీ దగ్గర నోరు తెరిచి చూపించింది. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది.

"ఇన్నేళ్లూ నిప్పు నోట్లో ఎట్టుకున్నావు, మరేటవుతాది? నెత్తీ నోరూ కొట్టుకుని సెప్పినా ఇన్నావా?"

అత్త నోరు మూసింది. "నిజిమే, అమ్మీ" అంది.

ఆస్పత్రిలో ఏ డాక్టరు కనబడినా ఆవిడకంటే ముందు నేనే అందుకునేదాన్ని: "అడ్డపొగండీ, చెబితే వినదు." ఆ సంగతి ఆవిడకి తెలియనిదా? ఆపరేషన్ అయింది, రేడియేషన్ కరెంటు పెట్టారు. నొప్పి ఉందా అని నర్సు అడిగితే, అత్త నా వైపు చూసి లేదని తల ఊపేది.

"ఆవిడ నా పక్కన కూకున్నట్టు నువ్వో గంట కూకో" అన్నారు మా ఆయన. కూర్చున్నాను. కూర్చుని మాత్రల గురించి, రాగిజావ గురించి గంటా చెప్పాను.

ఆఖరిసారి శ్రీకూర్మం వెళ్లినప్పుడూ అదే ధోరణి. మధ్యలో అత్త తలగడ కింద నుంచి వెలిగించని చుట్ట తీసి నా పెదాల మధ్య పెట్టింది. చిన్నగా నవ్వి, ఏదో అనబోయింది. నేను చటుక్కున లాగేశాను.

"ఛీ! ఇంకా దాసుకున్నావా? సిగ్గుందా నీకు?"

అత్త గోడవైపు తిరిగిపోయింది. ఆ చుట్టని బ్యాగులో పడేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆయనకి కోపంగా చెప్పాను. "కాల్చడానికి దాసుకోనేదే. నిన్ను ఇనమంది" అన్నారు.

ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఆదివారం వెళ్దామనుకున్నాను. గురువారమే ఫోన్ వచ్చింది.

పెద్దకర్మ నాడు అందరూ భోజనాలకి లేచాక, ఆవిడ మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. బ్యాగులోంచి ఆ చుట్ట తీసి, నోట్లో పెట్టుకుని పెదాలు మూశాను. పొగాకు చేదు నాలుక మీదికి దిగింది. వింటున్నాను అత్తా అని చెప్పడానికైనా నోరు విప్పలేదు. ఎదురుగా మంచం మీద పక్క తీసేసి ఉంది.