ఆయన పని భయపడటం

పక్కింటివాళ్లు ఇవాళ గ్యారేజీ తలుపుకి రంగు వేయిస్తున్నారు. కిటికీలోంచి ఆ వాసన రాగానే అప్పలస్వామి బాబాయి గుర్తొచ్చారు. సొంత బాబాయి కాదు. భీమిలి మనిషి, తొంభై దగ్గరపడ్డాక ఇక్కడ, ఈ పరాయి దేశంలో, అరోరా అనే ఊళ్లో మనవడి దగ్గర ఉండేవారు. కుర్రతనంలో, రెండో ప్రపంచయుద్ధమప్పుడు, తెల్లవాళ్ల ఓడలో పనిచేశారు. "నెలకో రంగు పూసేవోళ్లం, నెలకో పేరు రాసేవోళ్లం" అనేవారు. ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

నేను మనవరాలిని చూసుకోవడానికి పదేళ్ల కిందట మా అమ్మాయి ఇంటికి వచ్చాను. అప్పటికి నాకు చదవడం రాదు. అది మా అమ్మాయికి తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు. శనివారాలు గుడిలో భజనకి అందరితోపాటు పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. పాటలు కంఠతా వచ్చు కాబట్టి గడిచిపోయేది. ఒకరోజు ప్రసాదం తింటుంటే బాబాయి వచ్చి పక్కన కూర్చున్నారు.

"పక్కావిడ తిప్పాకే నువ్వూ పేజీ తిప్పుతున్నావేటమ్మా?"

నేను పులిహోర ప్లేటు కింద పెట్టేశాను.

"బయపడకు. నానూ అలాటి ఓడలో పనిసేసినోణ్నే."

ఆ ఓడ చూడటానికి మామూలు సరుకు ఓడట. చెక్క గోడల వెనక ఫిరంగులు. ఎవరూ గుర్తుపట్టకుండా నెలకో రంగు, నెలకో పేరు. శత్రువుల జలాంతర్గామి వచ్చి కొట్టగానే కొందరు కేకలు పెడుతూ పడవలెక్కి పారిపోవాలి. ఓడ ఖాళీ అయిందనుకుని అది నీళ్లపైకి తేలాక, లోపల దాక్కున్నవాళ్లు చెక్కలు పడదోసి పేల్చాలి. సరుకు ఓడంటే డెక్ మీద మన దేశం కూలీలు కనబడాలి కదా, అందుకని బాబాయిలాంటివాళ్లని పెట్టుకున్నారు. ఆయన పని భయపడటం.

"బాగా నటించేవారా బాబాయ్?"

"నటనేటి, నిజం బయమే. ఆళ్లకి తేడా తెలీలేదు."

గుడి వంటగది వెనక బల్ల మీద నాకు అక్షరాలు మొదలుపెట్టారు. అ ఆలతో కాదు, 'ఓడ'తో. రెండేళ్లకి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయగలిగాను. అప్పుడే ఒక శనివారం "ఇది రాసుకో" అని మొదలుపెట్టారు.

ఒకసారి, పారిపోతున్నట్టు వీళ్లెక్కిన పడవ పక్కనే జలాంతర్గామి పైకి తేలిందట. దానిమీద ఒక కుర్రాడు, ఈయన ఈడువాడే, వంగి నీళ్ల డబ్బా అందించాడు. ఈయన అందుకున్నారు. తర్వాత, పైవాళ్లు ముందే చెప్పి ఉంచినట్టు, పడవ ఓడవైపు తిరిగేలా తెడ్డు లాగారు. పడవ వెంట అదీ కదిలి ఫిరంగుల ఎదుటికి వచ్చింది. చెక్కలు పడ్డాయి, ఫిరంగులు పేలాయి. పొగ విడిపోయేసరికి నీళ్లమీద నూనె తప్ప ఏమీ లేదు. జలాంతర్గామి మునిగిందో, నీళ్ల అడుక్కి దిగి తప్పించుకుందో ఎవరికీ తెలియలేదు.

"ఆ నీళ్లు తాగారా?"

"తాగాను. దాహమేసింది."

తర్వాత ఆయనే అడిగారు. "నాను సేసింది తప్పంటావా?"

"కాదు బాబాయ్. యుద్ధం కదా."

ఆయన తల అడ్డంగా ఊపారు. "మళ్లీ పక్కావిణ్ని సూసి తిప్పేశావు" అన్నారు. కోపం లేదు. అలిసిపోయినట్టున్నారు. నిజంగా ఆలోచించి చెబుదామనుకున్నాను. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఆ చలికాలంలోనే ఆయన పోయారు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర మనవడు నన్ను అడిగాడు. "ఆంటీ, తాత గురించి గుడి న్యూస్‌లెటర్‌లో రాస్తున్నాను. ఒక సబ్‌మెరైన్‌ని ముంచేశారట కదా? హీరో అని పెడదామా?"

"అది మునిగిందో లేదో ఆయనకే తెలీదు నాన్నా. ఎదుటి కుర్రాడు నీళ్లిచ్చాడు, ఈయన తాగారు. అది పెట్టు."

"అది పెడితే తాత మంచోడనుకుంటారా, చెడ్డోడనుకుంటారా?"

"నాకు తెలీదు" అన్నాను. నాకు తెలీదని నలుగురిలో పైకి అనడం అదే మొదటిసారి.

ఇప్పటికీ తెలీదు. డబ్బా అందించిన చెయ్యి గుర్తొస్తే తప్పే అనిపిస్తుంది. ఓడలో చెక్కల వెనక ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లు గుర్తొస్తే, ఇంకేం చేస్తారులే అనిపిస్తుంది. ఆయన చెప్పగా రాసుకున్న నోటుపుస్తకంలో, చివరి పేజీలో, రెండూ ఒకదాని కింద ఒకటి రాసి పెట్టాను. అప్పుడప్పుడు తీసి చదువుతాను. ఇంతవరకు ఏదీ కొట్టెయ్యలేదు.