ఒక్క పని మిగిలిన బండి

నిజాంపేటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు తన తండ్రి పాత పికప్ బండిని వాకిట్లోనే బాగుచేసుకునేవాడు. ఒకప్పుడు ఆ ముసలాయన రాయదుర్గం తోటల నుంచి ద్రాక్షపళ్లు మార్కెట్‌కు తోలిన బండి అది. ఇప్పుడు నడవలేని ఆయనకు ఒకటే కోరిక, మళ్లీ ఆ బండిలో కూర్చుని తోట ఉన్న చోటును చూసి రావాలని.

ఎప్పుడు అడిగినా ఓనరు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “ఇగ ఒక్క పనే మిగిలింది సార్,” అనేవాడు. కొత్త ఇంజను వచ్చింది, పవర్ స్టీరింగ్ వచ్చింది. అయినా ఒక్క పని మిగిలే ఉండేది.

“బండికి పెళ్లి చేస్తున్నట్టుందండీ,” అని నేను నవ్వేవాణ్ణి.

చివరికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి ఇద్దరం దాన్ని రవాణా ఆఫీసుకు తీసుకుపోయాం. ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు ఉండాల్సిన చోట కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. కాగితం మీద ఒక్క అంకె పడలేదు.

“నంబరేది, అన్నా?”

“తుప్పంత గ్రైండర్‌తోని గీకిన సార్. గా నంబరు గూడ పోయినట్టుంది.”

“ఇంజను సుత మార్చినవ్. ఇది నీ బండే అని నేనెట్ల రాయాలె?”

ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టలేదు. ఇక ఆ బండి రోడ్డెక్కదు. నడిపే వీల్లేక దాన్ని క్రేన్‌తో ఇంటికి లాక్కొచ్చాం.

ముసలాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“ఏంది రా, పోదమా?”

ఓనరు చేతులకు ఏ మసీ లేదు. అయినా గుడ్డ తీసి తుడుచుకున్నాడు.

“ఇగ ఒక్క పనే మిగిలింది నాయినా.”