దెబ్బా? జబ్బా?

పళ్ళ డాక్టరమ్మ దగ్గర పద్దెనిమిదేళ్ళుగా కాంపౌండరు అతను. అయినా ఎవరూ కాంపౌండరని పిలవరు, చేపల డాక్టరంటారు. రోగులు కూర్చునే గదిలో గోడ పొడవునా ఉన్న ఉప్పునీటి తొట్టి అతని ప్రాణం. నీళ్ళలో ఉప్పెంత, వేడెంత, ఏ చేప ఏ పూట తిన్నదీ తిననిదీ అన్నీ నాలుక చివరే ఉంటాయి. పన్ను పీకించుకోవడానికొచ్చి వణికిపోయేవాళ్ళని ఆ తొట్టి ముందు కూర్చోబెట్టి, "అదిగో, ఆ పసుపుచేపని చూడండి, దానికేమైనా భయముందా?" అనేవాడు.

మనిషి మంచివాడే. కాకపోతే తనకు తెలిసింది ఇంకెవరికీ తెలీదనే తెగులొకటుంది. దానికింకా మందు కనిపెట్టలేదు.

ఒక సోమవారం అతను వచ్చేసరికి పసుపుచేప ఒంటి మీద ఇంత పొడుగు గీత. రెక్క వెనకాల చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. చుట్టూ చూస్తే, తొట్టి లోపల పాచి గీకే పొడుగుకర్ర బ్రష్షు పక్కనే గోడకి ఆనించి ఉంది. అతనికన్నా ముందు ఆ గదిలో అడుగు పెట్టే మనిషి ఒక్కతే. పొద్దున్నే వచ్చి ఊడ్చి తుడిచే ఆవిడ. వయసులో పెద్దదని అందరూ పెద్దమ్మ అంటారు. ఇంకేముంది, లెక్క తేలిపోయిందనుకున్నాడు. రోగులొచ్చి కూర్చున్నాక ఆవిణ్ణి పిలిచి నిలదీశాడు.

"తొట్టిలో బ్రష్షు పెట్టావా?"

"అయ్యో, లేదు బాబూ. అద్దం బయట తుడిచానంతే."

"మరి ఈ దెబ్బ ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"మూణ్ణాలుగు రోజులుగా చూస్తున్నా బాబూ, పొద్దున్నే రాయికేసి ఒళ్ళు రుద్దుకుంటోంది. దురద పుట్టినట్టు. మీకు చెబుదామనే..."

"చేపకి దురదా! ఇంకా నయం, తుమ్ములొస్తున్నాయనలేదు!"

గదిలో ఉన్న ఎనిమిది మందీ ఘొల్లుమన్నారు. దవడ వాచినాయన కూడా చెంప పట్టుకుని మరీ నవ్వాడు. పెద్దమ్మ మొహం కందగడ్డయింది. ఆ గోలకి డాక్టరమ్మ బయటికొచ్చింది. "చేసింది చేసి పైగా అబద్ధం కూడానండీ" అన్నాడు మన ఘనుడు. పద్దెనిమిదేళ్ళ మనిషి మాటకి తిరుగేముంది? రేపట్నించి రావద్దంది డాక్టరమ్మ. పెద్దమ్మ తడిగుడ్డ పిండి ఆరేసి వెళ్ళిపోయింది.

కొత్త మనిషి దొరికేదాకా ఊడ్చే పని ఇతని నెత్తినే పడింది. ఒళ్ళు మండినా చీపురు పట్టాడు. గాయమైతే రోజురోజుకీ మానాలి కదా. ఇది మానకపోగా, బుధవారానికి రెండో పక్క కూడా ఇంకో గీత లేచింది. తిండి వేస్తే మొహం తిప్పుకుంది. శుక్రవారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, చీపురు చేత్తో పట్టుకుని తొట్టి ముందు వంగి చూశాడు. పసుపుచేప సర్రున రాయి దగ్గరికెళ్ళి, పక్కకి ఒరిగి, ఒళ్ళు రాసుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఒంటి నిండా ఉప్పు కల్లుల్లా తెల్లటి చుక్కలు. దాని వెనకాలే కొత్తగా తెచ్చిన చారలచేప వచ్చి అదే రాయికి రాసుకుంది. దాన్ని ఏ బ్రష్షు గీరిందట?

దెబ్బ కాదు, జబ్బు. ఆ గీతలు దురదకి అది చేసుకున్నవే.

జబ్బు ఎలా వచ్చిందో కూడా ఆ క్షణంలోనే తెలిసొచ్చింది. పది రోజుల క్రితం తెచ్చిన చారలచేపని, జబ్బేమైనా ఉంటే బయటపడేలా, నెల్లాళ్ళు వేరే తొట్టిలో ఉంచమని దుకాణంవాడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నలుగురూ చూసి ఆహా అనాలన్న తహతహలో ఆ సాయంత్రమే ఇందులో వదిలేశాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చీపురు గోడకి ఆనించి రోగుల కుర్చీలో కూలబడ్డాడు.

చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి మందు వేశాడు. అవి బతికాయి. "మా చేపల డాక్టరు ఉండబట్టి గండం గడిచింది" అని డాక్టరమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. అన్నప్పుడల్లా చెంప మీద కొట్టినట్టుండేది. నిజం చెబుదామని నోరు తెరిచేవాడు, అందరూ తననే చూస్తుంటే మూసేసేవాడు. ఇలా వారం గడిచింది.

ఆఖరికి ఇంట్లో భార్య దగ్గర కక్కేశాడు. ఆవిడ కూర తరుగుతున్న కత్తి ఆపి, "చేప సంగతి తేల్చడానికి నాలుగు రోజులు పట్టింది కదా మీకు. ఆవిడ సంగతి ఎంతసేపట్లో తేల్చేశారు?" అంది.

మర్నాడు పెద్దమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలో బట్టలు మడత పెడుతోంది. నిలబడే అంతా చెప్పాడు. దురద నిజమేనని, జబ్బు తెచ్చింది తనేనని, తప్పయిపోయిందని. ఎన్నడూ లేనిది "మీరు" అన్నాడు. ఆవిడ మడత ఆపలేదు.

"నన్నన్నప్పుడు గదిలో ఎంతమంది ఉన్నారు బాబూ?"

"ఎనిమిది మంది."

"ఇప్పుడెంతమంది ఉన్నారు?"

చాటుగా చెప్పి, చాటుగా క్షమించాననిపించుకుని పోదామని వచ్చాడు మరి. తలొంచుకుని, "రేపు పదింటికి రండి" అన్నాడు.

పదింటికి ఆవిడ ఉతికిన చీర కట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అతను డాక్టరమ్మని బయటికి పిలిచి అందరి ముందూ మొదలుపెట్టాడు. చివరిదాకా చెప్పాడు, దుకాణంవాడి మాటతో సహా.

డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. "రేపట్నించి వచ్చెయ్యి పెద్దమ్మా" అంది.

"పనికి వేరే చోట కుదిరానమ్మా. నా మీద అబద్ధాలకోరన్న మాట పడి ఉంది కదా, అది తీయించుకుందామని వచ్చాను."

అతని వైపు చూడకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి పోయినా బాగుండుననుకుంటూ, అంతమంది కళ్ళ ముందు అతను అక్కడే నిలబడిపోయాడు.