రేడియో మాస్టారి మౌనసాధన

భౌతికశాస్త్రం మాస్టారికి విద్యార్థులు పెట్టిన పేరు రేడియో. పెట్టినవాళ్ళు ఎప్పుడో చదువు ముగించి ఉద్యోగాల్లో పడ్డారు గానీ, పేరు మాత్రం ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి చేతులు మారుతూ నిక్షేపంగా ఉంది. ఆయన క్లాసులో కాలు పెట్టకముందే, వరండాలో ఉండగానే పాఠం మొదలైపోయేది. ప్రశ్నలు అడగరని అనకూడదు, అడిగేవారు. "చెప్పండి, కాంతి ఎందుకు వంగుతుంది?" అని అడిగి, ఎవరో ఒకరు ధైర్యం చేసి నోరు తెరిచేలోపు జవాబు కూడా ఆయనే చెప్పేసేవారు. పిల్లలు హాయిగా రాసుకునేవారు.

అలాంటి మనిషి ఏమని పత్రం రాశారయ్యా అంటే, ప్రశ్న అడిగాక అధ్యాపకుడు నోరు మూసుకోవాలని! పుస్తకాలు తెగ తిరగేసి, ఎవరెవరో చేసిన ప్రయోగాలన్నీ పోగేసి మహా గొప్పగా రాశారు. తాను మాత్రం ఒక్కనాడూ చేసి చూసిన పాపాన పోలేదు. విశ్వవిద్యాలయ బోధన మీద జరిగే అంతర్జాతీయ సదస్సువాళ్ళు ఆ పత్రం చూసి ముచ్చటపడ్డారు. వచ్చి చదవమంటే బాగానే ఉండేది. వచ్చి చేసి చూపించమన్నారు. మాస్టారి గుండెల్లో రాయి పడింది.

అలాగని మానుకోలేరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో విమానమెక్కి వెళ్ళి నలుగురు పెద్దల ముందు నిలబడే అవకాశం రావడం ఇదే మొదలు. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ సంగతి విభాగాధిపతి మేడమ్ ఇట్టే కనిపెట్టారు. ఆవిడకి నవ్వొస్తే మొహం మీద కనిపించదు, కళ్ళలో దాచుకుంటారు.

"ముందు మన దగ్గర చేసి చూపించండి," అన్నారు మేడమ్. "నేను వెనక బెంచీలో కూర్చుంటాను. మీరు ప్రశ్న అడగండి. పిల్లలు సరైన జవాబు చెప్పేదాకా మీ నోట్లోంచి ఒక్క ముక్క రాకూడదు. సైగలు కూడా కుదరవు. వచ్చిందా, కెమిస్ట్రీ ఆయన్ని పంపిస్తా. సదస్సువాళ్ళు ఆయన పత్రం కూడా తీసుకున్నారు, మనకున్నది ఒక్క టికెట్టే."

"పోనీ, పిల్లలకి ముందే ఓ మాట చెప్పి ఉంచనా?"

"చెప్తే నాటకమవుతుంది. వద్దు."

ఇంట్లో సాధన మొదలైంది. ఎవరు ఏ ప్రశ్న వేసినా, జవాబు అవతలివాళ్ళకే వదిలేసి తాను పెదవి విప్పకూడదని మాస్టారు నియమం పెట్టుకున్నారు. పెట్టుకున్నవారు మనసులో ఉంచుకోక, అమాయకంగా భార్యకి చెప్పారు. పెళ్ళయినప్పటినుంచీ ఒక్క వాక్యాన్నీ చివరిదాకా చెప్పే భాగ్యానికి నోచుకోని ఇల్లాలు ఆవిడ. దొరికిన అవకాశాన్ని చేజార్చుకుంటుందా?

"ఏమండీ, మీ పాత స్కూటర్ మా తమ్ముడికి ఇచ్చేద్దామా?"

మాస్టారి మొహం ఎర్రబడింది. ఆవిడ తాపీగా కూరగాయలు తరిగింది, గిన్నె కడిగింది, చేతులు తుడుచుకుంది.

"అయితే మీకేం అభ్యంతరం లేదన్నమాట. రేపే వచ్చి పట్టుకెళ్తాడులెండి."

తల్లికి తగ్గ కూతురు. "నాన్నా, నా గదికి చిలకపచ్చ రంగు వేయిస్తావా?" అని అడిగి, గోడకానుకుని ఆయన్నే చూస్తూ నిలబడింది. మాస్టారు గుడ్లురిమారు. "థాంక్స్ నాన్నా!" అని గెంతుకుంటూ వెళ్ళిపోయింది. కొద్దిరోజుల్లోనే స్కూటర్ గేటు దాటింది, గోడలు పచ్చబడ్డాయి, సోఫా ఉన్న చోట అత్తగారి మంచం వెలిసింది. ఎన్నాళ్ళుంటారో కనుక్కుందామని మాస్టారు గొంతు సవరించుకునేలోపు, "ఏం బాబూ, నేనిక్కడే ఉండిపోతే నీకేమన్నా ఇబ్బందా?" అని ఆవిడే అడిగేసింది. ఇల్లు చేయి దాటిపోయింది గానీ, నోరు మాత్రం అదుపులోకి వచ్చింది.

చలికాలం, పొద్దున్నే క్లాసు. ల్యాబ్‌లో పెద్ద ఇనుప బల్ల ఒకటి, దాని పక్కనే చెక్క బల్ల. మేడమ్ వెనక బెంచీలో కూర్చున్నారు. మాస్టారు పిల్లల్ని ఓసారి కలయజూశారు.

"ఈ బల్లలు రెండూ ఎప్పటినుంచో ఒకే గదిలో ఉన్నాయి. ముట్టుకుంటే ఇనుప బల్లే ఎందుకు ఎక్కువ చల్లగా అనిపిస్తుంది?" అని అడిగి నోటికి తాళం వేసుకున్నారు.

పిల్లలు పెన్నులు పట్టుకుని ఆయన జవాబు కోసం సిద్ధంగా ఉన్నారు. రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెలవుల్లో తప్ప ఆ గదిలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. జవాబు నాలుక చివరికొచ్చి తన్నుకుంటుంటే మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. అంత చలిలో ఆ చెమట చూసి ముందు బెంచీ పొడుగు కుర్రాడు గభాల్న లేచాడు.

"ఒరేయ్, సార్‌కి మాట పడిపోయిందిరా!"

"సార్, ఒంట్లో బాగోలేదా?" అంటూ ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

మాస్టారు ఉలకలేదు, పలకలేదు. తల ఊపితే సైగ అయిపోతుంది. దీనంగా మేడమ్ వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి బయటి చెట్లని శ్రద్ధగా చూస్తున్నారు.

ఇంకేముంది, నలుగురు కలిసి ఆయన్ని అమాంతం ఎత్తేశారు. ఒకడు బూట్లు లాగేశాడు. ఆ అమ్మాయి రికార్డు పుస్తకంతో విసరడం మొదలుపెట్టింది.

"ఇనుప బల్ల మీద పడుకోబెట్టండ్రా, అదే పెద్దది," అన్నాడు పొడుగు కుర్రాడు.

"వద్దొద్దు, అది చల్లగా ఉంది. చెక్కదాని మీదకి పట్టండి," అంది అమ్మాయి. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో మాస్టారు వినడం అదే మొదటిసారి.

"ఒకే గదిలో ఉన్నవి ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఎలా ఉంటాయి?" మాస్టారి కాళ్ళు పట్టుకునే వాదనకి దిగాడు వాడు.

ఎవరో రెండు బల్లల మీదా థర్మామీటర్లు పెట్టి చూశారు. "రెండూ ఒకటే చూపిస్తున్నాయిరా!"

"మరి చేతికి తేడా తెలుస్తోందిగా?"

"ఇనుములో చలి దాక్కుని ఉంటుందేమో," అన్నాడు ఇంకొకడు.

చలి దాక్కోవడమేమిట్రా అని అరవబోయి, టికెట్టు గుర్తొచ్చి మాస్టారు మాటని మింగేశారు. గాల్లో వేలాడుతూ పళ్ళు నూరుకున్నారు.

అమ్మాయి విసరడం ఆపి ఒక చెయ్యి ఇనుము మీద, ఒక చెయ్యి చెక్క మీద పెట్టింది. "చలి కాదు. మన చేతిలో వేడిని ఇనుము గబగబా లాగేసుకుంటోంది. చెక్క అంత తొందరగా లాగలేదు. అంటే చల్లబడుతున్నది బల్ల కాదు, మన చెయ్యి," అంది నెమ్మదిగా, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

"అదీ! అదే!" అని గాల్లోంచి కేక పెట్టారు మాస్టారు.

పిల్లలు హడలిపోయి ఆయన్ని వదిలేశారు. బల్ల మీద పడ్డారు గనక సరిపోయింది.

మేడమ్ లేచి వచ్చారు. "టికెట్టు మీదే. కాకపోతే అక్కడివాళ్ళకి మీరెవరో తెలీదు. మీరు నోరు మూసుకుంటే అక్కడెవరూ కంగారుపడరు. మరి మిమ్మల్ని ఎవరు మోస్తారు?"

అదంతా సార్‌కి పెట్టిన పరీక్షని అర్థమై, పిల్లలు పడీపడీ నవ్వుతూ వెళ్ళి బెంచీల్లో కూర్చున్నారు. మాస్టారికి ఆనందం పట్టలేదు. నడుము తడుముకుంటూనే ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచారు.

"ఇంత తెలిసినదానివి, ఇన్నాళ్ళూ ఎందుకు నోరు విప్పలేదమ్మా?" అని అడిగి, నిజంగానే ఆగారు.

"ఇన్నాళ్ళూ నాకూ తెలీదు సార్. మీరు మాట్లాడ్డం ఆపాక తెలిసింది."

గదంతా మళ్ళీ గొల్లుమంది. మాస్టారూ నవ్వబోయారు. ఇన్నేళ్ళలో ఎంతమందికి ఇలా తెలియాల్సింది తెలియకుండా చేశానో అన్న ఆలోచన వచ్చి, సిగ్గూ బాధా ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఈసారి నిజంగానే మాట రాలేదు. పిల్లలెవరూ లేవలేదు, ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.