గట్టిమేళంలో తెగిన ఊపిరి

మా మేళంలో అన్నది సన్నాయి, నాది డోలు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఇద్దరం కలిసే పోతాం. సన్నాయి ఊదేవాడికి పొట్ట ఉండాలని, ఊపిరి నిలిచేది అందులోనేనని మా ఇంట్లో గట్టి నమ్మకం. చిన్నప్పటి నుంచీ అన్న సంగటిలో మాత్రం నాయన నెయ్యి ఎక్కువ పోసేవాడు. డోలు మోసేవాడికి పొట్ట అడ్డమని నాకు మజ్జిగ. ఆ ఉక్రోషం నాకింకా పోలేదు.

ఈమధ్య అన్న బస్సు మెట్లెక్కినా రొప్పుతున్నాడు. బతిమాలి నంద్యాల తీసుకుపోయాను. డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించింది. బతుకంతా ఊదినవాడు అక్కడ ఊదలేకపోయాడు.

"పొట్టలో కొవ్వు కింది నుంచి ఎగదోస్తుంటే ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి చోటేదయ్యా? కొవ్వు తగ్గాలి, కండ తగ్గకూడదు. ఊపిరి లాగేది కూడా కండే. బాగా నడువు, పప్పూ గుడ్లూ తిను" అంది.

అన్న 'తగ్గాలి' అన్నంతవరకే విన్నాడు. తిండి మానేసి, మజ్జిగ తాగి మంచమెక్కాడు. నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. భుజాలు జారాయి, తొడలు సన్నబడ్డాయి. పొట్ట మాత్రం కొంచెమే తగ్గింది.

బనగానపల్లె పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళ, గట్టిమేళం మధ్యలో సన్నాయి ఆగిపోయింది. అప్పుడు మేళం తెగితే అపశకునమంటారు. నేను చేతులు పగిలేలా డోలు వాయించి కప్పిపుచ్చాను. పెళ్లివాళ్లు గమనించలేదు. మావాళ్లు గమనించారు.

"పొట్ట కరిగించుకున్యాడు, గాలి పాయ. పెద్దోళ్లు ఊరికే చెప్తారా?" అన్నాడు మేళంలో తాళం వేసే మా మేనమామ.

"పోయింది కండ మామా."

"నువ్వేమన్నా డాక్టరువా ఏందీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. అన్న సన్నాయి మళ్లీ నిండుగా పలకాలనే కదా నేను ఆసుపత్రి చుట్టూ తిరిగింది. ఇప్పుడు ఊపిరి తీసింది నేనేనన్నట్టు చూస్తున్నారు.

వదిన మళ్లీ సంగటి మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తోంది. పొట్ట తిరిగొచ్చింది, కండ రాలేదు. పొద్దున్నే నడుద్దాం రమ్మంటే అన్న లేవడు. వచ్చే పెళ్లి గోస్పాడులో. నిన్న నేను డోలు బిగిస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"రేయ్, గట్టిమేళంలో నువ్వు బాగా గట్టిగా కొట్టు. నేను ఊదతాండానో లేదో ఎవురికి తెలుస్తాదిలే."

నేను డోలు ఇంకాస్త బిగించాను.