బోణీ సైకిలు

ఈ పొద్దున వంకాయల బండి మా గుమ్మం ముందు ఆగింది. "బోణీ బేరమమ్మా, కాదనమాక" అన్నాడు బండి అతను. అడిగినంత ఇచ్చి కాయలు పోయించుకున్నాను. లోపలికి రాగానే కోడలు నవ్వింది. "మార్కెట్లో దీంట్లో సగం కూడా లేదు అత్తయ్యా. మీరు ఎదురైతే చాలు, బండోళ్లకి పండగే" అంది. నిజమే, బోణీ దగ్గర నేను బేరమాడను. మొదట వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపితే ఇక ఆ కొట్లో అమ్మకం సాగదని మా పల్నాడు అంగళ్లలో గట్టి నమ్మకం. వచ్చినవాడు ఎంత ఇచ్చినా కళ్లకద్దుకుని సరుకు చేతిలో పెట్టాల్సిందే. అమ్మేవాడికి అది భక్తి. కొనేవాడికి అది ఎంత దూరం సాగే సదుపాయమో మా ఇంట్లోనే చూశాను.

పసితనంలో జ్వరం వచ్చి నా ఎడమ కాలు సన్నబడి పొట్టిదైంది. బడికి పంపితే పిల్లలు ఏడిపిస్తారని మా నాన్న అక్షరాలు, ఎక్కాలు, శివస్తోత్రాలు ఇంట్లోనే చెప్పాడు. చదువైతే వచ్చింది గానీ వీధి రాలేదు. వీధిని నాకిచ్చింది నరసరావుపేటలో మా వెనక సందులో ఉండే సాయిబు బాబాయి. అందరూ సైకిళ్లు బాగుచేస్తే ఆయన సైకిళ్లు చేసేవాడు. పైపులు కోసి, అతుకుల్లో ఇత్తడి కరిగించి పోసి, మనిషి కొలతకు చట్రం కట్టేవాడు. దర్జీ చొక్కా కుట్టినట్టే అది. వేడి ఇత్తడి వాసన మా పెరట్లోకి వచ్చేది, అమ్మ దొడ్లో ఆరేసిన మిరపకాయల ఘాటుతో కలిసి అదొక విచిత్రమైన తాళింపులా ఉండేది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి రెండు కాళ్లూ వేరువేరుగా కొలిచాడు. "నీ కాలు పొట్టి కాదమ్మా, పెడలు దూరంగా ఉంది, అంతే" అన్నాడు. ఎడమ పెడలు మీద చెక్క దిమ్మ బిగించి, దాన్ని నా పాదం దగ్గరికి తెచ్చాడు. మొదటిసారి కోటప్పకొండ దారి పట్టి, కొండ కనబడగానే దిగి దణ్ణం పెట్టుకున్నప్పుడు, ఆ దణ్ణంలో శివయ్యకెంతో బాబాయికెంతో నాకే తెలియలేదు. ఆ సైకిలుకు మా నాన్న దగ్గర ఆయన తీసుకున్నది నాలుగు వందలు. అది ఇనుము ఖరీదు మాత్రమేనని, పనికి ఒక్క రూపాయి తీసుకోలేదని, ఆ ఊళ్లోనే ఉన్న అత్తారింట్లో ఏ పెళ్లి జరిగినా ఏ పేరంటం జరిగినా అందరికీ చెప్పుకునేదాన్ని.

తర్వాత కంపెనీ సైకిళ్లొచ్చాయి, వాటి మీదికి మోటారు బళ్లొచ్చాయి, బాబాయి కిటికీ ఊచలు అతుక్కుంటూ బతికాడు. కొన్నేళ్ల కిందట కాలం ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. షుగరు భయంతో డాక్టర్లు, నడుము నొప్పితో ఇంజనీర్లు తమ ఒంటి కొలతకు చేసిన సైకిలే కావాలనడం మొదలుపెట్టారు. బాబాయి కూతురు, నాకు చెల్లెలి వరస, తండ్రి ఇత్తడి పోస్తుండగా వీడియో తీసి ఫోన్లో పెట్టింది. గుంటూరు నుంచి ఒక డాక్టరు ఫోన్ చేసి, ధర విని కూడా సరేనని, చూసి ఆర్డరివ్వడానికి మిత్రులతో వస్తానన్నాడు. దాంతో ఆ పిల్ల మందుల షాపులో ఉద్యోగం మానేసి, రోడ్డు మీద కొట్టు అద్దెకు తీసుకుంది. "ముప్పై వేలకు తగ్గితే అబ్బ చేతులరగటమే అక్కా. ఈ పెద్దకాలంలోనన్నా ఆ చేతులకి ధర కట్టాల" అంది. మొదటి సైకిలు నమూనాగా తయారైంది. నెమలికంఠం రంగు, ఎక్కడా అతుకు కనబడదు. చేతికి తగలదు కూడా.

కొట్టు తెరిచే రోజు రిబ్బను నన్నే కత్తిరించమన్నాడు బాబాయి. అది విని మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కండువా సర్దుకుని తయారయ్యారు. ఊళ్లో నలుగురిని వెంటేసుకుని తిరిగే మనిషి, అందరికీ 'అన్న'. "మన ఇంటి కోడలు రిబ్బను కోస్తంటే నేను రాకపోతే ఎట్టా" అన్నారు. నేను రిబ్బను కోశాను. ఆయన నాకంటే ముందు లోపలికి నడిచారు.

"ఏంది సాయిబూ, సైకిలా పెళ్లికొడుకా? ఎంతేంది?"

"ముప్పై వేలండీ" అంది చెల్లెలు.

"ఒరేయ్, విన్నారంట్రా? ముప్పై వేలంట! ఇంజనెక్కడ దాచావమ్మా?" వెంట వచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు.

"మొత్తం అబ్బ చేతిపనే సార్. ఒక్కోదానికి నెల పైన పట్టిద్ది."

"చేతికి ఖరీదేందమ్మా? అది దేవుడు ఊరికే ఇచ్చిందేగా." నా వైపు తిరిగారు. "ఏమ్మా, నీ సైకిలుకి మీ నాన్న ఎంతిచ్చాడు? కాపరానికొచ్చిన కాడ్నించి వింటానే ఉన్నాంగా ఆ పురాణం."

"అది ఇనుము ఖరీదు బావగారూ. పైగా ఏనాటి మాటో..."

"నాలుగొందలు!" ఆయనే అందించారు. "వంకర కాలుకే నాలుగొందలకి చేసినోడివి, కుదురైన కాళ్లకి ఇంకా తగ్గాల సాయిబూ. పోనీలే, నేను పదింతలిస్తన్నా. నాలుగు వేలు. బోణీ బేరం, కాదనమాక."

బాబాయి కూతురి వైపు చూశాడు. "అబ్బా, వద్దు" అంది చెల్లెలు తండ్రితో మెల్లగా. నేను ముందుకు జరిగాను. "బోణీ నాది బాబాయ్. ముప్పై వేలకి నేను తీసుకుంటా" అన్నాను.

"డబ్బేదమ్మా?" అన్నారు బావగారు. నా చేతిలో కత్తెర తప్ప ఏమీ లేదు. "రిబ్బను కోస్తే బోణీ కాదు తల్లీ, రూపాయి పడితే బోణీ." నోట్లు బాబాయి అరచేతిలో పెట్టి వేళ్లు మూశారు. బాబాయి వాటిని కళ్లకద్దుకున్నాడు. "బోణీ అన్నాక కాదని ఎట్టా అంటానే" అన్నాడు కూతురితో, తప్పు ఆ పిల్లదైనట్టు.

సైకిలు గడప దాటకముందే దాని ఫొటో, ధరతో సహా, ఊరందరి ఫోన్లకూ చేరింది. కాసేపటికి గుంటూరు డాక్టరు మిత్రులతో వచ్చాడు. "ఆయనకు నాలుగు వేలు, మాకు ముప్పై వేలా? కార్లో వచ్చామనా?" అన్నాడు. బోణీ సంగతి చెప్పింది చెల్లెలు. "బోణీ గీణీ మాకెందుకమ్మా, వస్తువుకు ధర ఒకటే ఉండాలి" అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరొచ్చినా 'అన్న రేటు'కే ఇమ్మన్నారు. ఊళ్లో ఆ మాట స్థిరపడింది. దయగలవాళ్లు ఒక వెయ్యి ఎక్కువ చెప్పారు. వానలు రాకముందే కొట్టు మూతపడింది. మందుల షాపువాళ్లు అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు. చెల్లెలు గుంటూరులో ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతూ అక్కడే ఉండిపోయింది.

బావగారు ఆ సైకిలు తొక్కలేదు. హాల్లో నిలబెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన ముచ్చటపడితే అరవై వేలకు ఇచ్చేశారు. "చేతిపని! మిషను మీద వచ్చిద్దా ఆ నునుపు? ఊరికే ఇస్తారా ఎవరన్నా?" అని భోజనాల దగ్గర చెబుతుంటే నేను నెయ్యి వడ్డిస్తున్నాను. "అందులో బాబాయికి కొంత ఇవ్వండి బావగారూ" అన్నాను. "ఇచ్చాగా. నా చెయ్యి మంచిదే, ఆయన రాతే బాలేదు. నెయ్యి ఇంకాస్త వెయ్యి" అన్నారు. వేశాను. ఆ రాత నాది కానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోబోయి, ఎందుకో మానుకున్నాను.

పోయిన నెల బావగారికి రెండు మోకాళ్లూ ఆపరేషన్ చేసి మార్చారు. స్నానాల గదికి వెళ్లాలంటే గోడ వెంబడి పట్టుకోవడానికి కడ్డీ కావాల్సి వచ్చింది. "బయటోళ్లు దోచేస్తారు. సాయిబుని పిలవండి" అన్నారు. బాబాయి కొట్టులో మిగిలిన పైపులే మోసుకుని వచ్చాడు. బావగారిని నిలబెట్టి చెయ్యెత్తు చూసుకున్నాడు, అరచేతికి గుచ్చుకోకుండా చివరలు అరగదీశాడు, మధ్యాహ్నం దాకా ఒంగి పనిచేశాడు. చేతులు వణకడం లేదు. దానికి మాత్రం మనసారా దణ్ణం పెట్టుకున్నాను. బావగారు కడ్డీ పట్టుకుని నాలుగడుగులు వేసి మురిసిపోయారు.

"ఎంత సాయిబూ?"

"తమ దయ బాబూ."

"దయేనా? అయితే అన్నం తినిపో" అన్నారు బావగారు. నా వైపు తిరిగి, "ఏమ్మా, వసారాలో ఇస్తరాకెయ్యి. పప్పు మిగిలిందిగా" అన్నారు.

వడ్డించాను. బాబాయి తలొంచుకుని తిని, "పప్పు చానా బాగుందమ్మా" అని సంచీ భుజాన వేసుకున్నాడు. వెనక గదిలో బావగారు ఇంకా అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. కాలం మనుషుల్ని మారుస్తుందని పెద్దలంటారు. మా ఇంట్లో అది మోకాళ్లను మాత్రమే మార్చగలిగింది.