సగం పడిన అచ్చు

వానలు పట్టుకున్నాయంటే మా ఆఫీసు గదిలో తుప్పు పట్టిన ఇనుమూ పులిసిన బెల్లమూ కలిసిన వాసన లేస్తుంది. ఎక్కడో ఎలుక చచ్చిందని మా గుమాస్తా బల్లలన్నీ జరిపి వెతుకుతాడు. ఎలుక కాదని నాకు తెలుసు. ఆ వాసన బీరువా కింది అరలో మడిచి పెట్టిన గజం గుడ్డది. పెడన అద్దకంలో నల్లరంగు ఆ ఇనుముతోనూ బెల్లంతోనూ తయారవుతుంది. అద్దకం పూర్తయ్యాక గుడ్డను ఉడికించి ఉతికితే ఆ వాసన వదులుతుంది. దీన్ని ఎవరూ ఉడికించలేదు. దీని మీద పని సగంలో ఆగిపోయింది. ఇది నాకు విశాలాక్షి గారి నుంచి వచ్చింది.

బందరు కోర్టులో నేను ఆవిడ దగ్గర ఆరేళ్ళు జూనియర్‌గా పనిచేశాను. ఆవిడకు గుడివాడలో ఇల్లు, రోజూ రైల్లో రావడం, సంచిలో టిఫిన్ డబ్బా, జేబురుమాలులో చుట్టిన ఎర్రసిరా పెన్ను. నేను దివిసీమ మనిషిని. కోడూరులో మా ఇంట్లో మాట్లాడకుండా ఉన్నవాళ్ళకి జ్వరమొచ్చిందనుకుంటారు. విశాలాక్షి గారి నోట్లోంచి మాట రావాలంటే ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. నేను రాసిన నోటీసుల్లో ‘నిస్సందేహంగా’ అన్న మాట కనబడితే చాలు, ఎర్రగీత పడేది. ఒకసారి మాత్రం కళ్ళజోడు పైనుంచి చూసి అడిగారు.

“నీకు సందేహం లేదు, సరే. నువ్వు చూశావా?”

నాకు ఒళ్ళు మండేది. చూసినవే రాయాలంటే వకీళ్ళు పస్తులుండాలి కదా అనుకునేదాన్ని.

నాంచారమ్మ కేసు అప్పుడే వచ్చింది. పెడనలో ముప్ఫయ్యేళ్ళుగా అద్దకం పని చేసిన మనిషి. ఓ కంపెనీ తమ టీకాను శిబిరం పెట్టి వేయించినప్పుడు ఈవిడా వెళ్ళింది. అందరూ పనికి అంతగా వాడని ఎడమచెయ్యి చూపిస్తే, తన ఎడమచేతి మీద మరిగే రంగునీళ్ళు ఒలికి బొబ్బలు లేచి ఉండటంతో ఈవిడ కుడిచెయ్యి చూపించింది. నాలుగో రోజుకు ఆ చెయ్యి భుజం నుంచి వాలిపోయింది. టీకా వల్ల కావచ్చు, కాకపోనూవచ్చు అన్నారు డాక్టర్లు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జాలిపడ్డ వీధే, ఆరునెలలు తిరక్కుండా, పరిహారం కోసం నటిస్తోందని మొదలుపెట్టింది. ఇల్లు గడిచేది ఆ చేతి మీదే. అయినా ఆవిడ మమ్మల్ని మొదట అడిగింది పరిహారం కాదు. “నేను అబద్ధం ఆడట్లేదని కాగితం మీద పడాలండీ,” అంది.

విశాలాక్షి గారు టీకాలకు విరోధి కారు. తాను వేయించుకున్నారు, దగ్గరుండి నాకూ వేయించారు. కేసు ఒప్పుకునే ముందు ఆ మనిషి ఇంట్లో ఓ గంట కూర్చోవడం ఆవిడ పద్ధతి. ఓ మధ్యాహ్నం ఇద్దరం పెడనలో దిగాం. నాంచారమ్మ తన చేతిని ‘అది’ అనేది. కూర్చునే ముందు భర్త వీరాస్వామిని పిలిచి, అదెక్కడుందో చూడమంది. మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కున్న చేతిని ఆయన తీసి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఆవిడ పక్కన పెట్టాడు. కాసేపు మాట్లాడి ఆవిడ గోడవైపు తిరిగి కునుకు తీసింది.

అప్పుడు ఆ చెయ్యి కదిలింది. ముందు వేళ్ళు ముడుచుకున్నాయి. తరవాత పిడికిలి లేచి మంచంపట్టె మీద టప్, టప్ అని రెండుసార్లు కొట్టింది. ఆగింది. జానెడు పక్కకు జరిగింది. మళ్ళీ రెండుసార్లు. అచ్చును గుడ్డ మీద ఆనించి పిడికిలితో గుద్దే దెబ్బ అది. ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ అదే చప్పుడు వస్తోంది. తేడా ఏమిటంటే ఇక్కడ అచ్చు లేదు, గుడ్డ లేదు, చేసే మనిషి గురక పెడుతోంది. 

“రోజూ ఈ వేళకే అండీ,” అన్నాడు వీరాస్వామి గొంతు తగ్గించి. “మెలకువొచ్చి అటు చూసిందంటే పడిపోద్ది. మా ఆవిడకి తెలీదు. చెప్పకండి.”

తిరుగుబండిలో నేను ఊరుకోలేదు. ఇది అవతలివాళ్ళ చెవిన పడితే చెయ్యి బాగానే ఉందని కేసు కొట్టేయిస్తారు, మనం చూడలేదనుకుంటే సరి అన్నాను. విశాలాక్షి గారు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. గుడివాడ వెళ్ళాల్సిన మనిషితో తగువాడుతూ, బందరులో ఉండే నేను ఎదురుదిశ రైలెక్కానని కవుతరం దాటాకగాని గమనించుకోలేదు. దిగేటప్పుడు ఆవిడ ఒక్క మాటే అన్నారు.

“చూశాం కదమ్మా.”

మర్నాడే కేసు ఒప్పుకుని, కంపెనీ వకీలుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ వారంలోనే నాంచారమ్మకూ చెప్పారు. ఆవిడ నమ్మలేదు. చచ్చిన చేతికి పనేమిటండీ అని నవ్వేసింది. వీరాస్వామి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ రోజు మా సీనియర్‌ను నేను మనసులో తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నేను భయపడ్డట్టు కేసు పోలేదు, కంపెనీ రాజీకి వచ్చింది. ఆ రోజున అందరం బందరులో మా మేడగదిలో కూర్చున్నాం. కంపెనీ డాక్టరు ఆ చేతిని సూదితో గుచ్చి చూశాడు. రక్తం చుక్క వచ్చింది గాని నాంచారమ్మ తన మానాన తాను మంచినీళ్ళు అడుగుతోంది. అయినా కంపెనీ వకీలు మెత్తబడలేదు. పరిహారం ఇస్తాం, కానీ ‘ఇందుకు టీకా కారణం కాదు’ అని ఆవిడ ఒప్పుకోవాలన్నాడు. ‘కారణం తెలియదు’ అని రాద్దామన్నారు విశాలాక్షి గారు. పొద్దుట మొదలైన పేచీ మధ్యాహ్నం భోజనాల వేళ దాటినా తెగలేదు. చివరికి నాంచారమ్మే విసిగిపోయి, ఏదో ఒకటి రాసుకోండి, వేలిముద్ర వేసేస్తాను అంది. అబద్ధాలకోరుననే కాగితానికి, ఆకలికి లొంగి, ఆవిడే ముద్ర వెయ్యబోతోంది. నాకు ఏడుపొచ్చింది.

మగవాళ్ళది ఎడమ బొటనవేలు, ఆడవాళ్ళది కుడిది అన్నాడు అవతలి గుమాస్తా, అలవాటు కొద్దీ. ఎవరికీ కాదనాలని తోచలేదు. నాంచారమ్మ ఎప్పటిలాగే ఆ చేతిని చూడలేక కిటికీ వైపు తిరిగింది. విశాలాక్షి గారు వేలికి సిరా రాసి కాగితం మీదికి తెచ్చారు. వేళ్ళు ముడుచుకున్నాయి. విశాలాక్షి గారి చేతిలోంచి జారి, పిడికిలి కాగితాన్ని టప్, టప్ అని గుద్దింది. పక్కకు జరిగింది. మళ్ళీ గుద్దింది.

 నాంచారమ్మ కిటికీ బయటే చూస్తూ అడిగింది.

“ఎవరండీ అద్దేది? దెబ్బ బాగా పడతాంది.”

డాక్టరు సూది పెట్టెలో పెట్టేసుకున్నాడు. కాగితం మీద రెండు నల్లటి మచ్చలు, చీర అంచులో పువ్వుల్లా ఒకదాని పక్కన ఒకటి సూటిగా ఉన్నాయి. వకీలు వాటినే చాలాసేపు చూశాడు. తరవాత తనే పెన్ను తీసి ‘కాదు’ కొట్టేసి ‘తెలియదు’ అని రాశాడు. ఆవిడ చెప్పినది అబద్ధమని తాము అనడం లేదని ఇంకో వాక్యం కూడా, ఎవరూ అడక్కుండానే చేర్చాడు. అదంతా కొత్త కాగితం మీద రాయించి, ఈసారి ఎడమ బొటనవేలి ముద్ర వేయించారు.

అందరూ వెళ్ళాక ఆ చెయ్యి సంగతేమిటండీ అని అడిగాను.

“తెలియదని రాశాంగా,” అన్నారు, టిఫిన్ డబ్బా తెరుస్తూ.

ఏడాది తరవాత వీరాస్వామి ఈ గుడ్డ తెచ్చాడు. నాంచారమ్మ నిద్రపోయాక ఆ పిడికిలిలో రంగు ముంచిన అచ్చు పెట్టి, కింద గుడ్డను తాను కొంచెం కొంచెంగా జరిపేవాడట. ఒకరోజు మధ్యలో ఆవిడకు మెలకువ వచ్చింది. తన చెయ్యి గాల్లోంచి దిగడం తన కళ్ళతో చూసింది. అంచును మొదటి నుంచి చివరిదాకా ఎడమచేత్తో తడిమి, ఇది నా పనే అంది. అంతే, ఆ రోజు నుంచి చెయ్యి మళ్ళీ కదల్లేదు.

“తన పని తను చూసుకుంది కదండీ. నేను చేసింది తప్పా, ఒప్పా?” అని అడిగాడు.

విశాలాక్షి గారు తెలియదయ్యా అన్నారు. అలా అంటున్నప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాను, అదొక్కసారే.

ఆవిడ పోయాక వాళ్ళ మేనల్లుడు గుడివాడ నుంచి వచ్చి, ఇది మీకివ్వమన్నారని గుడ్డ చేతిలో పెట్టాడు. అంచు ఎక్కడా వంకర లేదు. చివరి పువ్వు మాత్రం సగమే పడింది. దాన్ని చూసినప్పుడల్లా, నాంచారమ్మ కళ్ళు తెరిచింది ఇక్కడే కదా అనిపిస్తుంది. ఇప్పుడు నాకూ జూనియర్లున్నారు, నా దగ్గరా ఎర్రసిరా పెన్ను ఉంది. అయినా పాత అలవాటు పోక, మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే కూర్చుని నోటీసు రాస్తూ ‘నిస్సందేహంగా’ అని మొదలుపెడతాను. ఎక్కడినుంచో టప్, టప్ అని వినిపిస్తుంది. అప్పుడు రాయడం ఆపి, ముందుగా నా కుడిచెయ్యి ఎక్కడుందో చూసుకుంటాను.